అత్త చెంబుకు తిరిగొచ్చిన మెరుపు

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. మా అత్త చెంబును నేనే చేజేతులా పోగొట్టబోయిన కథ ఇది.

తొంభైలలో మేము కె.ఆర్.పురంలో కాపురం ఉన్నాం. ములబాగిలు నుంచి మా అత్త సుబ్బమ్మ వరలక్ష్మి పూజకు వస్తానంది. కలశానికి ఆమె పుట్టింటి ఇత్తడి చెంబే పెట్టాలి, లేకుంటే ఆమె పూజలో కూర్చోదు. అదేమో అటక మీద పడి పడి పెనం అడుగులా నల్లబడింది. మునుపటిలా చేయించి అత్తతో శభాష్ అనిపించుకుందామని నగర్తపేటలో పాలిష్ పట్టే రాజన్నకు ఇచ్చాను.

తీసుకోవడానికి వెళ్తే, పెళ్లికూతురిలా మెరిసే చెంబొకటి నా చేతిలో పెట్టాడు. నాకప్పట్లో పాలవాడి మీద, బస్సు కండక్టరు మీద, మా ఆయన మీద సమానంగా అనుమానమే. తిప్పి చూశాను. అడుగున ఎన్నడూ చూడని పేరొకటి చెక్కి ఉంది. కూడబలుక్కుని చదివాను: నాగరత్న.

"ఇది మాది కాదప్పా. మా అత్త పేరు సుబ్బమ్మ."

"మీదేనమ్మా. మసి పోతే పేరు తేలినాది."

"మసి పోతే మెరుపొస్తాది గానీ, వేరే ఆడమనిషొస్తాదా?"

మూలనున్న కుప్పలోంచి నల్లటి చెంబొకటి లాగాను. "ఇదే మాది."

"అది ఇంకెవురిదో. సరే, తీసుకుపోండి, ఇది తీసిపెట్టింటాను. మీరే వస్తారు."

నా అనుమానం ఇంకా ముదిరింది. దొంగ కాకపోతే ఇంత నిదానంగా మాట్లాడతాడా, మీరే చెప్పండి.

పూజకు ముందురోజు వచ్చిన అత్త చెంబు అందుకుని, బొటనవేలితో అడుగు తడిమింది.

"ఎవురి చెంబే ఇది? నా పేరేదీ?"

"సుబ్బమ్మ అని ఉండాల్నా అత్తా?"

"నా పేరు నాగరత్న. మా అత్త పేరూ అదే. కొడుకు అమ్మ పేరు పెట్టి పెండ్లాన్ని ఎట్ల పిలుస్తాడని, ఈ ఇంటి గడప దాటినాక నన్ను సుబ్బమ్మను చేసినారు."

నా మొహం ఆ చెంబు కన్నా నల్లబడింది. ఆ చెంబు పట్టుకుని పరుగున ఇద్దరం బస్సెక్కాం. రాజన్న మా చెంబు తీసి అత్త చేతికిచ్చాడు. అత్త ఆ అక్షరాల మీద వేలు ఆడించింది.

"ఈ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఎవురూ లేరిప్పుడు," అంది.

రాజన్న నా వైపు తిరిగాడు. "చెంబు సరే. ఈయమ్మ మీ అత్తేనా? ఇప్పుడే బాగా చూసుకోండమ్మా. మళ్లా మార్చియ్యమంటే నా తాన ఇంకో అత్త లేదు."

ఆ కలశం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: మెరిసిందని దేన్నీ పరాయిదనను, అత్త అసలు పేరు అడగకుండా ఏ చెంబు మీదా తగాదా పడను.

మీ ఇంట గిన్నెలు తళతళలాడాలి, మీ ఆడవాళ్ల పేర్లకు మసి పట్టకుండా ఉండాలి.