జోరే, సరే

రేపు ఫలానా వేళకు ఒక పని అప్పటికే పూర్తయిపోయి ఉంటుందని చెప్పడానికి ఫ్రెంచి భాషలో ఒక ప్రత్యేకమైన క్రియారూపం ఉంది. మన భాషలోనూ ఉంది. వాళ్ళు దాన్ని పని పూర్తవుతుందని చెప్పడానికి వాడతారు, మనం పని ఎగ్గొట్టామని దాచడానికి వాడతాం. ఫైలు వెళ్ళిపోయి ఉంటుందండీ. లైన్‌మన్ బయల్దేరి ఉంటాడండీ. బిల్లు పాసై ఉంటుందండీ. చెప్పేవాడు చూడలేదు, వినేవాడు అడగడు. ఇద్దరికీ మర్యాదగా గడిచిపోతుంది.

నేను వారానికి నాలుగు రోజులు తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో ఏలూరు వెళ్ళి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫ్రెంచి చెబుతుండేవాణ్ణి. అక్కడ ఫ్రెంచి ఒక దేశపు భాష కాదు, నూటికి తొంభై ఎనిమిది మార్కుల పేరు. తల్లిదండ్రులు దాన్ని అలాగే అడిగేవారు: 'సంస్కృతం కంటే బాగా పడతాయాండీ?' పడతాయని చెప్పి చేర్చుకునేవారు. కుర్రతనంలో గూడెంలో జరిగిన హేతువాద సభల్లో 'ఆధారం చూపించండి' అంటూ స్వాముల శిష్యుల్ని వేదిక దిగేదాకా వదలని నోరు నాది. ఆ నోటితో ఈ కాలేజీలో నేను నెలల తరబడి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ క్రియారూపం గురించి కొంచెం చెప్పాలి. ఫ్రెంచిలో వెళ్ళడం, రావడం, పుట్టడం, చావడం లాంటి కొన్ని క్రియలకు 'ఉండు' అనే క్రియ తోడుగా వస్తుంది. జ సరే అలే, అంటే వెళ్ళి ఉంటాను. తినడం, చూడడం, రాయడం లాంటి మిగతా వాటికి 'కలిగి ఉండు' అనే వేరే క్రియ రావాలి. జోరే మాంజే, అంటే తిని ఉంటాను. తెలుగువాడికి ఈ రెండో క్రియ ఇంట్లో లేదు. మనకు పొలం ఉంటుంది, జ్వరం ఉంటుంది, పిల్లలు ఉంటారు. వెళ్ళినా ఉంటాం, తిన్నా ఉంటాం. అందుకని తెలుగు విద్యార్థి అన్నిటికీ 'సరే' తగిలించి జ సరే మాంజే అంటాడు. దానికి అర్థం నేను తిని ఉంటానని కాదు, నన్ను తినేస్తారని. ఇంకే భాషవాళ్ళు చేసినా చేయకపోయినా మనవాళ్ళు ఈ తప్పు చేసి తీరతారు. చదువుకునే రోజుల్లో నేనూ చేశాను. పైగా 'సరే' అన్న మాట చెవిన పడగానే మన మెదడు కుర్చీలో వెనక్కి వాలిపోతుంది.

ఒక బుధవారం క్లాసయ్యాక కలిదిండి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చింది. వాళ్ళ నాన్నకు చేపల చెరువులున్నాయి. మొదటి సెక్షన్లో కూర్చునేది, తక్కువ మాట్లాడేది.

"సార్, నేను రాసింది తప్పాండీ?"

"ఎవరన్నారమ్మా?"

"గైడండీ."

"గైడు మాట్లాడిందా?"

"ఆయ్, ప్రిన్సిపాల్ గారి నోటితో మాట్లాడిందండీ."

వారం పరీక్షలో తినడం, చూడడం లాంటి క్రియలతో అయిదు ఖాళీలిచ్చారట. అయిదింటికీ ఆ అమ్మాయి 'జోరే' అని రాసింది, నేను బోర్డు మీద చెప్పినట్టే. దిద్దినవాళ్ళు కాలేజీ వేసిన గైడు పక్కన పెట్టుకుని దిద్దారు. గైడులో అయిదింటికీ 'సరే' ఉంది. పది మార్కులు పోయాయి. ఆ కాలేజీలో వారం మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. మొదటి సెక్షన్ నుంచి ఆ అమ్మాయి ఒక్కసారిగా మేడ మీద రేకుల షెడ్డులో ఉండే ఆరో సెక్షన్లోకి జారింది. ఆరో సెక్షన్‌కు ఫ్రెంచి లేదు, సంస్కృతమే. సోమవారం నుంచి వెళ్ళి అక్కడ కూర్చోమన్నారు.

"నాకు ఫ్రెంచి ఇష్టవండీ," అంది. ఆ కాలేజీలో ఆ మాట అన్న మనిషిని నేను మొదటిసారి చూశాను.

స్టాఫ్‌రూమ్‌లో గైడు తెరిచాను. 'జోరే' రావలసిన క్రియలు యాభై ఉన్నాయి, యాభైకీ సరే. అచ్చువేసినవాడిని, రాసినవాడిని, వాళ్ళకు చదువు చెప్పినవాళ్ళని వరసగా తిట్టుకుంటూ మొదటి పేజీకి వచ్చాను. 'పరిశీలించినవారు' అని ఉంది. కింద నా పేరు.

జూన్‌లో గుమాస్తా కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టడం గుర్తొచ్చింది. ఆ రోజు నేను వాస్తు పిచ్చి మీద రాసిన వ్యాసం ప్రూఫులు దిద్దుకుంటున్నాను. 'పరీక్షించకుండా ఏదీ ఒప్పుకోకండి' అనే వాక్యం దగ్గర ఉన్నాను. కట్ట వైపు చూడకుండానే "చూసేశానండీ" అని సంతకం పెట్టాను.

ప్రిన్సిపాల్ గదికెళ్ళాను. ఆయన ఫిజిక్స్ ఎమ్మెస్సీ. గ్రహాలు ఏ దారిలో ఎందుకు తిరుగుతాయో బోర్డు నిండా లెక్క వేసి చూపించి, సుద్దముక్క దులుపుకుని బయటికొచ్చాక, అవే గ్రహాలు మన కాలేజీ గేటు ఎటు చూస్తోందో కనిపెడుతుంటాయని నమ్మే మనిషి. హాల్‌టికెట్లు పంచడానికి ముహూర్తం పెట్టిస్తాడు. బల్ల మీద సిలబస్ పుస్తకం కింద, పంచాంగం పైన.

"గైడు తప్పండీ. ఆ అమ్మాయి రాసిందే కరెక్టు."

"అచ్చులో ఉంది కదండీ మాస్టారూ."

"అచ్చయితే నిజమైపోతుందాండీ?"

"అది కాదండీ. మీరే చూశారు కదా దాన్ని?" అంటూ మొదటి పేజీ మీద వేలు పెట్టాడు.

నేను గైడు మూసేశాను. చూడలేదని ఆయనకు తెలిసిపోయింది.

"పోనీలెండి, దిద్దించేద్దాం. రేపు అమావాస్యండీ, రిజిస్టరు ముట్టుకోవడం దేనికి? శనివారానికల్లా దిద్దేసి ఉంటామండీ."

నేను "సరే" అన్నాను.

శనివారం గుమాస్తాను అడిగాను. "దిద్దేసి ఉంటారండీ," అన్నాడు.

"మీరు చూశారా?"

"చూడ్డం దేనికండీ, దిద్దేసే ఉంటారు."

రిజిస్టరు లాక్కుని చూశాను. ఆ అమ్మాయి పేరు ఆరో సెక్షన్లోనే ఉంది. ఇలాంటి మనుషుల మీద నేను ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను. వాళ్ళు చదివి ఉంటారనే అనుకుంటున్నాను.

మర్నాడు ఆదివారం తల్లిదండ్రుల మీటింగు. మూడింటికి మొదలైంది. కైకలూరు, కలిదిండి, పెదపాడు వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ, సగం మంది చెరువులవాళ్ళు. ప్రిన్సిపాల్ గంటన్నర సేపు ర్యాంకుల గురించి చెప్పి, ఫ్రెంచి దగ్గరకు వచ్చేసరికి పొంగిపోయాడు.

"మీ పిల్లలు ఫ్రెంచి దొరల్లా మాట్లాడుతున్నారండీ! వాళ్ళ దాకా ఎందుకు, నేనే నేర్చేసుకున్నాను." గైడు తీసి చదివాడు. "దమేఁ ఆ మిది, జ సరే మాంజే."

చప్పట్లు పడ్డాయి. మూడో వరసలోంచి ఆ అమ్మాయి తండ్రి లేచాడు. "ఏవండీ, ఆ ముక్కకి అర్థవేంటండీ?"

"రేపు మధ్యాహ్నానికి నేను భోంచేసి ఉంటానని అండీ."

ఆయన వెనక్కి తిరిగి, గోడవార నిలబడ్డ కూతుర్ని అడిగాడు. "అంతేనా అమ్మా?"

"కాదు నాన్నా. రేపు మధ్యాహ్నానికి నన్ను తినేస్తారు అన్నారు."

వెనక వరసలోంచి ఎవరో అన్నారు: "అచ్చం మా చెరువులో చేప మాట్లాడినట్టుందండీ!" ఇంకొకరు, "పులుసాండీ, వేపుడాండీ?" హాలు హాలంతా గొల్లుమంది. చెరువులవాళ్ళ నవ్వు గట్టున నిలబడి నవ్వే నవ్వు, గదికి పట్టదు.

ప్రిన్సిపాల్ ముఖం కందగడ్డలా అయింది. "మాస్టారు ఉన్నారు కదా, ఆయనే చెబుతారు. చెప్పండి మాస్టారూ, గైడు చూసింది మీరేగా."

నేను లేచాను. 'అచ్చుతప్పు' అంటే సరిపోయేది. ఆయన కోరుకున్నదీ అదే, నాకు ఇస్తున్న దారీ అదే. కానీ అచ్చుతప్పు యాభై చోట్ల పడదని ఆ అమ్మాయికి తెలుసు. నా వైపే చూస్తోంది.

"అమ్మాయి చెప్పిందే నిజమండీ. గైడంతా తప్పే. దాన్ని చూశానని చెప్పి చూడకుండా సంతకం పెట్టింది నేను," అన్నాను.

వేదికల మీద చాలా మందిని ఓడించాను. ఓడినవాళ్ళకు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"అయితే మా అమ్మాయి మార్కులు దిద్దుతారాండీ?" అన్నాడు తండ్రి.

"తప్పకుండానండీ. సోమవారానికల్లా దిద్దేసి ఉంటాం."

ఆయన వచ్చి ముందు వరసలో ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. "ఉంటాం వద్దండీ. ఇప్పుడు దిద్దండి. నేను కూర్చుంటాను."

ప్రిన్సిపాల్ గోడ గడియారం వైపు చూశాడు. నాలుగున్నర దాటింది. "ఆదివారం ఈ వేళ రాహుకాలవండీ..."

"మా గట్టు మీద లారీ ఆగిందంటే రాహుకాలవని ఆపవండీ. ఐసు కరిగిపోద్ది."

అలా అన్న మనిషి వేలికి పగడపు ఉంగరం ఉంది. బయట ఆయన మోటారు సైకిలుకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. నా వ్యాసాల్లో ఆయన ఎప్పుడూ ఓడిపోయే పక్షం. ఆ రోజు హాలులో ఆధారం అడిగిన ఒకే ఒక్కడు ఆయన. ప్రిన్సిపాల్ అమ్మాయి పరీక్ష కాగితమూ రిజిస్టరూ తెప్పించాడు. ఎర్రసిరాతో దిద్దుతుంటే తండ్రి పక్కన నిలబడి, అయిదు చోట్లా అయ్యేదాకా వేలితో చూపించాడు. ఆరో సెక్షన్ లిస్టులో పేరు కొట్టేసి మొదటి సెక్షన్లో రాసేదాకా కదల్లేదు.

సోమవారం ఆ అమ్మాయి మొదటి సెక్షన్లో తన చోటే కూర్చుంది. ఆ ఏడాది చివర నా అవసరం లేదని కాలేజీ చెప్పింది. అది మరో కథ, పెద్ద కథా కాదు. ఆ సోమవారం మాత్రం పాఠం మొదలుపెట్టగానే చెయ్యెత్తింది.

"సార్, 'చూసి ఉంటాను'కి సరే వ్యూ వస్తుందాండీ, జోరే వ్యూనా?"

"జోరే వ్యూ."

"మరి 'చూడకుండా సంతకం పెట్టి ఉంటాను'?"

క్లాసంతా తల దించుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆ అమ్మాయి ముఖంలో ఏమీ లేదు, పెన్ను పట్టుకుని నోట్సు రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. బోర్డు వైపు తిరిగి రాశాను. జోరే సీన్యే. అక్కడితో ఆపలేదు. నువ్వు పెట్టి ఉంటావు, అతను పెట్టి ఉంటాడు, మనం, మీరు, వాళ్ళు. ఆరు రూపాలూ రాసి, ఎవరూ మిగిలిపోలేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని సుద్దముక్క కింద పెట్టాను.