మునిరత్నం పేరున పడిన పాడు

మా మునిరత్నమన్న పోయినాడు. సూళ్లూరుపేట ఆస్పత్రికి పోయే ఆటోలో, ఇంకా దొరవారిసత్రం కూడా చేరకముందే, చెంగమ్మ వదిన ఒళ్లో తల పెట్టుకుని ప్రాణం విడిచినాడు. ఫోన్లో ఆ మాట వినగానే, నా జిరాక్సు కొట్లో చేతిలో ఉన్న కాగితాలు కింద పడిపోయినాయి. కువైట్‌లో ఏడేళ్లు ఒకే గదిలో, పై మంచం ఆయనదీ కింది మంచం నాదీ. ఆయన లేడంటే నమ్మడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సంస్మరణ సభలో చదవడానికి నాలుగు మాటలు రాయమని ఊరి పెద్దలు నాకే పురమాయించారు. "దివంగత మహనీయుడు", "త్యాగధనుడు", "మత్స్యకార కులదీపం" అని ఏమేం పడాలో ఒక కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. మహనీయుడే, సందేహం లేదు. కానీ ఆ మాటలు వాళ్లు అనదగ్గవి కావు. అందుకే సభలో ఏదో చదివేసి, చదవాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మా ఊరి పద్ధతి చెప్పాలి. పులికాట్ చెరువులో రొయ్య నడిచే చోటును మేం పాడు అంటాం. ఏ రోజు ఏ పాడులో ఎవరు వల దించాలో ఆరు నెలలకొకసారి గంగమ్మ గుడి అరుగు మీద చీటీలు తీసి తేలుస్తాం. పెళ్లయిన ప్రతి మగవాడికీ ఒక చీటీ. ఒకరి వంతు రోజున ఇంకొకరు ఆ పాడులో వల దించితే ఆ వలను గుడి ముందర తగలబెడతారు. కుండలో చీటీ ఉంటేనే వాడు ఊరివాడు. లేకపోతే ఎంత పెద్ద మిద్దె కట్టినా చుట్టపుచూపుగా వచ్చినవాడి కిందే లెక్క. బయటికి పోయినవాడి పేరు తీసేస్తారు. తిరిగొచ్చి ఏడాది నిండా కాపురం ఉంటే గానీ మళ్లీ రాయరు. నేను కువైట్ వదిలి తిరిగొచ్చినప్పటి నుంచీ ఆ చీటీల మీద పేర్లు రాసేది, గుండ్రంగా రాస్తానని పేరున్నందువల్ల, నేనే.

మునిరత్నమన్న పంతొమ్మిదేళ్లు కువైట్ చేపల మార్కెట్లో చేపలు కోసినాడు. చలువరాతి బల్ల, మెరిసే కత్తి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. తరతరాలుగా సొంత వలలో పడిన చేపను పట్టిన చెయ్యి, అక్కడ ఎవరో పట్టిన చేపకు పొలుసు గీకింది. ఒక రోజు ఒకావిడ వంజరం చేప చూపించి కొయ్యమంటే, "వద్దమ్మా, ఇది మొన్నటిది" అని తనకొచ్చిన అరబ్బీలో చెప్పేసినాడు. ముదీర్, అంటే అక్కడి మేనేజరు, అందరి ముందూ నానా తిట్లూ తిట్టినాడు. ఎందుకన్నా నీకు, అని గదిలో నేను కూడా కోప్పడితే, "చేపకెటూ నోరు లేదు, మనకుంది గదరా" అని నవ్వి దుప్పటి కప్పుకున్నాడు.

గదిలో ఎనిమిదిమందిమి. ఆయన వంటి మీది చేప వాసన పడదని మిగతావాళ్లు ముక్కు మూసుకున్న రాత్రుల్లో, ఎండాకాలం కూడా మంచం దిగి తలుపు దగ్గర నేల మీద పడుకునేవాడు. మా ఊరి కట్టుబాట్లు నడిపే పెద్దకాపు కొడుకు ఉద్యోగానికని వచ్చినప్పుడు మంచం వాడికిచ్చి నాలుగు నెలలు అట్లాగే గడిపినాడు. ఆ వాసన పోవాలని, సెలవుకు ఊరికొచ్చేటప్పుడు సీసాలకు సీసాలు సెంటు పూసుకునేవాడు. వదిన మొదటిసారి ఎదురొచ్చి, "ఏందబ్బా ఈ కంపు! పోయి నీళ్లు పోసుకో. నీ చేప వాసనే మేలు నాకు" అనిందంట. ఆ ముక్క ఎన్నిసార్లు చెప్పినాడో, చెప్పిన ప్రతిసారీ సిగ్గుపడినాడు.

ఆయన్ని చంపింది ఆ బల్లే. దాన్ని వదిలి కదలకూడదు. మంచినీళ్లు తాగితే ఒంటికి పోవాల్సొస్తుంది, ఒంటికి పోతే బల్ల దగ్గర మనిషి లేడని ముదీర్ అరుస్తాడు. కాబట్టి నీళ్లే తాగడు. చుట్టూ ఐసు, కాళ్ల కింద నీళ్లు, గొంతు మాత్రం ఎండిపోయి. రెండు మూత్రపిండాలూ పాడైనాయని తేలాక, ఒక సంచీ చేతికిచ్చి విమానం ఎక్కించినారు. పంతొమ్మిదేళ్లు ఊడిగం చేయించుకుని, మనిషిని చేప పేగుల్లాగా తీసి అవతల పారేసినారు. వాళ్లు పరాయివాళ్లు, వాళ్లనేం అనుకుంటాం. మన సంగతి చూడండి.

కువైట్‌లో ఉన్నన్నాళ్లూ చీటీలు తీసిన రోజు ఆయన ఊరికి ఫోను చెయ్యకుండా ఉండలేదు. ఎవరికి ఏ పాడు పడిందో అంతా అడిగి నోటికి పట్టేసేవాడు. ఎడారి ఎండలో బస్సు కోసం నిలబడి, "ఈపొద్దు నడివాగు పాడు ఎల్లయ్యది. పోటు బాగుంటే వాడి పంట పండినట్టే" అనేవాడు. "నీకెందుకన్నా, నీ చీటీ లేదు గదా?" అంటే, "ఇప్పుడు లేదు. పోయినాక ఉంటది" అనేవాడు. పంతొమ్మిదేళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని బతికినాడు.

జబ్బుతో తిరిగొచ్చిన అయిదు నెలలకు చీటీల రోజు వచ్చింది. వారానికి రెండుసార్లు నెల్లూరు పోయి రక్తం కడిగించుకుంటున్న మనిషి, చేతికి కట్టుతోనే నా కొట్టుకొచ్చినాడు.

"తమ్ముడా, నా పేరు రాస్తావా?"

"పెద్దకాపును అడగన్నా" అన్నాను నేను.

"వంతు రాకపోయినా ఫర్వాలేదురా. కుండలో పేరుంటే చాలు."

"నా చేతుల్లో ఏముందన్నా" అన్నాను. కలం నా చేతిలోనే ఉంది.

అరుగు మీద పెద్దకాపు గొంతు సవరించుకుని, "ఏడాది నిండాలనేది కట్టుబాటు. నీకు తెలీందేముంది మునిరత్నం? ఒకరి కోసం మార్చేదానికి కుదరదు" అన్నాడు. అన్న తలూపినాడు. "తెలుసు మావా. ఆ కట్టుబాటు పెట్టిన నాడు చెయ్యెత్తినోళ్లలో నేనూ ఉండాను" అని, చిన్నగా దిగి ఇంటికి పోయినాడు. ఏడాది ఆయనకు మిగల్లేదని ఆ అరుగు మీద తెలియనివాడు లేడు. ఒక్కడూ నోరెత్తలేదు. అందరి ఇళ్లలో ఆయన తెచ్చిన కంబళ్లే ఉన్నాయి. ఇంకొక మాట కూడా రాయకపోతే నేను మనిషిని కాను. ఆ రోజు కుండలో పెద్దకాపు అల్లుడి చీటీ ఉంది. ఆ అల్లుడు చెన్నైలో కాపురం ఉంటున్నాడు. ఆ చీటీ గుండ్రంగా రాసింది నేనే.

అన్న పోయిన మర్నాడు బస్సు స్టాపులో నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. కింద వరసగా పెద్దల ఫొటోలు, అన్న ఫొటో కంటే పెద్దవి. సభలో పెద్దకాపు కళ్లు తుడుచుకుంటూ, "పోయినోళ్ల పేరు ఒక దఫా కుండలో ఉంచడం మన ఆచారం. మునిరత్నం పేరు ఈసారి ఉంటది" అని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు! బతికుండి అడిగితే లేని పేరు, చచ్చాక ఉచితంగా వచ్చింది. అంత నీచాన్ని నేను కువైట్‌లో కూడా చూడలేదు. ఇంటికొచ్చి రాశాను, మునిరత్నం అని.

చీటీల రోజున పూజారి తీసిన మొదటి చీటీ అదే. నడివాగు పాడు, అమావాస్య పోటు రోజు. అందరికంటే మంచి వంతు. ఆచారం ప్రకారం భార్య ఎవరికి చెబితే వాళ్లు ఆ వంతున వల దించాలి. పెద్దకాపు దగ్గరికి జరిగి, "అమ్మా చెంగమ్మా, మావాడి వల తయారుగా ఉంది. నీ భాగం నీకు పంపిస్తాం" అన్నాడు. మావాడంటే, నాలుగు నెలలు అన్న మంచం మీద పడుకున్న కొడుకే.

వదిన లేచి నిలబడింది. ఏడవలేదు. "ఆ పాడు మా ఆయనది. ఎవురికీ చెప్పను. ఆయన వంతు ఆయనకే ఉండనీండి. ఇంకెవురూ వల దించబాకండి" అనింది.

"అట్లయితే ఎట్లమ్మా? రొయ్యంతా ఊరకే పోతది!"

"పోనీ మావా. కట్టుబాటు గదా. ఒకరి కోసం మార్చేదానికి కుదరదు."

అమావాస్య నాడు ఊరంతా గట్టు మీద చేరింది. నడివాగులో ఒక్క వల లేదు, ఒక్క పడవ లేదు. పోటు తిరిగేసరికి రొయ్య కదిలింది. నీళ్లు ఉడికినట్టు చిటపటలాడుతూ, మా కళ్ల ముందే, పొద్దు వాలేదాకా సముద్రం వైపు పోతానే ఉంది. పెద్దకాపు కొడుకు మడిచిన వల భుజాన వేసుకుని వచ్చి, అట్లాగే తీసుకుపోయినాడు. వదిన మాత్రం గట్టు చివర కూర్చుని చివరిదాకా చూసింది.

మునిరత్నమన్నా, నీలాంటివాడు మా ఊళ్లో ఇక పుట్టడు, పుట్టినా మేం ఉండనివ్వం. నీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ ఒక నిజం చెప్పకపోతే ఆ నమస్కారం నీకు చేరదు. ఆ పొద్దు గట్టు మీద నేనూ నిలబడ్డాను. అంత రొయ్య పోతుంటే, నువ్వు గుర్తుకు రాకముందు, "అయ్యో, చేతికందింది పోతా ఉందే" అని నాకూ అనిపించింది.