కాడ లేని పుట్టగొడుగులు

నా చిన్నప్పుడు, నైజాం రోజుల్లో, మా ఇల్లు సిద్దిపేట పొలిమేరలో ఉండేది. తొలకరికి రెండు రోజులు ఉరిమితే చాలు, మా నాయనమ్మ గంప తీసుకుని చేనుగట్టు మీది చెదల పుట్ట దగ్గరికి బయలుదేరేది. ఉరుములకే పుట్టగొడుగులు పుడతాయని నేను గట్టిగా నమ్మిన వయసది. నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. తమ్ముడికి ఇంకా రెండు నిండలేదు.

ఆ ఏడు నేనూ వెంట వెళ్లాను. నాయనమ్మ ఒక్కో కాడ చుట్టూ మట్టిని వేళ్లతో తీసి, వీలైనంత లోతు నుంచి పైకి లాగేది. అంత ఓపిక నాకెక్కడిది? నా బుట్ట అడుగు కూడా నిండకపోయేసరికి రోషం వచ్చింది. తిరిగి వస్తుంటే మా కొట్టం వెనక పెంటకుప్ప మీద తెల్లటి గొడుగులు గుంపుగా కనిపించాయి. నాయనమ్మ ముందు నడుస్తోంది. గబగబా తలల వరకే తుంచి బుట్ట నింపేశాను. ఇంట్లో అన్నీ ఒకే చాటలో పోసి ఆడుకోవడానికి పోయాను. బుట్ట నిండా తెచ్చానని అమ్మ మెచ్చుకుంది కూడా.

మధ్యాహ్నం జొన్నరొట్టెల్లోకి ఆ కూరే. తమ్ముడికి అమ్మ మెత్తగా నలిపి పెడితే వాడు ఇంకా కావాలని చెయ్యి చాపాడు. తినడం అయ్యాక గిన్నెలు సర్దుతూ నాయనమ్మ మాటవరసకు అంది.

"నంగునూరు దిక్కు ఓ ఇంట్ల పెంట మీది గొడుగులు వండుకొని తిన్నరట. పెద్దోళ్లు ఎట్లనో బతికిన్రు. పసిపిల్ల దక్కలే."

నేను తొట్టె దగ్గరికి పరిగెత్తాను.

తమ్ముడు తొట్టెలో నిద్రపోతున్నాడు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి వెచ్చగా తగిలింది. కాసేపాగి మళ్లీ పెట్టాను. నేనూ అదే కూర తిన్నాను. నేను చచ్చిపోతానని కాదు, వాడికేమైనా అయితే అమ్మ నన్నెలా చూస్తుందోనని వణికిపోయాను. రెండుసార్లు ఆమె ముందుకెళ్లి నిలబడ్డాను. "ఏందే?" అంది. "ఏం లే" అన్నాను. ఊళ్లో దవాఖాన ఉందని తెలుసు, ఎత్తుకుని పరిగెత్తితే చేరతామనీ తెలుసు. అయినా మళ్లీ తొట్టె దగ్గరికే పోయి కూర్చున్నాను.

పశువులు ఇంటికొచ్చే వేళకు రోజూ లేచే తమ్ముడు ఆ రోజు లేవలేదు. భుజం పట్టి కుదిపాను. కళ్లు తెరవలేదు. పాలు పిండుతున్న నాయనమ్మ దగ్గరికి పరిగెత్తి, ఆమె కొంగు పట్టుకుని ఉన్నదంతా చెప్పేశాను.

ఆమె చెంబు కింద పెట్టి నన్ను కొట్టం మూలకు తీసుకెళ్లింది. అక్కడ బూడిదలో నేను తుంచిన గొడుగులన్నీ పడి ఉన్నాయి, అడుగున పచ్చబారి, మెత్తబడి.

"కాడ లేనిదాన్ని నేను పొయ్యెక్కనియ్య బిడ్డా. పొద్దుగాలనే ఏరి పారేసిన."

నేను భోరుమన్నాను. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. కానీ ఆమె ముఖం మారిపోయింది.

"నీకెప్పటిసంది ఎరుక?"

"తిన్నకాడి నుంచి."

నాయనమ్మ అక్కడే నేల మీద కూలబడింది. "నేను ఏరకపోతే? పిల్లగాన్ని గట్లనే సూసుకుంట కూసుందువా?" ఆమె భయపడగా చూడడం నాకదే మొదటిసారి. ఇంట్లో తమ్ముడు పాల కోసం ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు అంత తియ్యగా మళ్లీ ఎన్నడూ వినలేదు.

మర్నాడు నన్ను పుట్ట దగ్గరికి తీసుకెళ్లి ఒక కాడ వెంబడే తవ్వింది. మోచెయ్యి లోతున అది చెదల గూటిలోకి పోయింది. "ఉరిమితే పుట్టదే ఇది. ముందుగాలనే లోపల ఉంటది, చెదలు పెంచుకుంటయి. వానకు తల బయట పెడ్తది, అంతే" అంది. గొడుగు అడుగున రాలే సన్నటి పొడే దాని విత్తనమని అరచేతిలో దులిపి చూపింది. ముందురోజు మాట మళ్లీ ఎత్తలేదు.

నాకిప్పుడు ఎనభై అయిదు దాటాయి. పుట్ట లేదు, ఆ చేను లేదు. పుట్టగొడుగులు ఏరే ఓపికా లేదు. కానీ ఇంట్లో ఏ పిల్లో వచ్చి నా ముందు ఊరికే నిలబడి, ఏమిటని అడిగితే "ఏం లేదు" అంటే, చేతిలో పని పక్కన పెట్టేస్తాను. కూర్చోబెట్టుకుంటాను. చెప్పేదాకా లేవను.