దానయ్య మావ కోసిన రెక్క

నిన్న రెండో పీరియడ్‌లో బోర్డు మీద లెక్క చేస్తుంటే కారిడార్ చివరి గదిలోంచి కాలిన థర్మాకోల్ వాసన వచ్చింది. ఆ ఘాటు పిల్లలకి పడదు, అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. థర్మాకోల్ కోసే తీగ మరీ కాగిపోయిందని, ఎవరో తొందరపడి తోసేస్తున్నారని వాసనే చెప్పేసింది. వెంటనే దానయ్య మావ గుర్తొచ్చాడు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. సంతబొమ్మాళి మండలంలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న పేటలో చేపలవాళ్లకి థర్మాకోల్ తెప్పలు కట్టేవాడు. చదువు సంతకం వరకే. నేనేమో ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నదాన్ని. అయినా విమానం రెక్క అంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. ఒకరితో మాట పడే రకాన్ని కాదు. మా పిల్లలు సూత్రాలు గడగడా వల్లించేస్తారు గానీ స్క్రూడ్రైవర్ ఎటు తిప్పాలో తెలీదని ప్రిన్సిపాల్ గారితో పోట్లాడి, కారిడార్ చివర ఖాళీగా పడున్న ఒక గది సంపాదించాను. అందులో పిల్లలతో రేడియో గ్లైడర్ చేయిస్తానని స్టాఫ్ మీటింగులో గొప్పగా చెప్పేశాను. అంటే చిన్న బ్యాటరీ మోటారుతో పైకి లేచి, మోటారు ఆపేశాక గాలి మీద తేలుతూ దిగే విమానం. రిమోటు మన చేతిలో ఉంటుంది. మూడు చేశాం. మూడూ లేచినట్టే లేచి, ముక్కుతో నేలని పొడిచి ముక్కలైపోయాయి. మూడోదాని ముక్కలు చూశాక ప్రిన్సిపాల్ గారు, "దసరా సెలవుల్లోపు ఒక్కటి ఎగిరి చూపించండి మేడమ్. లేదంటే ఆ గది పాత బెంచీలకి ఇచ్చేస్తాను" అన్నారు. పాత బెంచీలకట! ఒళ్లు మండిపోయింది. కానీ ఏం మాట్లాడను? మూడు విమానాలు కూల్చిన నోరు కదా. ఆ గది పోతే పిల్లలు ఒక వస్తువుని చేత్తో పట్టుకుని తయారుచేసే చోటు కాలేజీ మొత్తంలో ఇంకొకటి ఉండదని మాత్రం తెలుసు.

టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ పూసలు పూసలుగా రాలిపోతోంది. గట్టి రకం తెప్పలకి వాడతారని ఎవరో చెబితే ఆదివారం స్కూటీ వేసుకుని బయల్దేరాను. జీడితోటలు, కొబ్బరితోటలు దాటి ఇసుకలోకి దిగేసరికి ఒక పాక కింద పెద్దాయన ఒకడు మంచమంత థర్మాకోల్ దిమ్మకి వెదురు బద్దలు కడుతూ కనిపించాడు. ఎడమ మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. ఇంటింటా కిడ్నీ జబ్బులుండే పలాస వైపు పుట్టి పెరిగినదాన్ని, అది డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. ఆయన పనంతా కుడిచేత్తోనే.

"ఏవండీ, ఒక దిమ్మ అమ్ముతారా?" అన్నాను.

"ఏటికి?"

"విమానం చేస్తాను."

నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "నువ్వెక్కుతావేటి?"

"అయ్యో, కాదండీ. చిన్నది, రేడియోతో ఎగిరేది."

"మరింకేటి బయ్యం, సేసుకో. ఈ అండీలు గిండీలు మాత్రం నాకొద్దు. మావా అను."

స్కూటీ సంచిలోంచి విరిగిన మూడో రెక్క తీసి చూపించాను. కళ్లు మూసుకుని దాని మీద అరచెయ్యి రాశాడు. "ఇదేటి మేస్టరమ్మా, మా ఊరి రోడ్డునాగుంది! గుంతలూ మిట్టలూనూ. తెప్పకైనా దీనికైనా ఒళ్లు నున్నగుండాల గదా" అన్నాడు. నాకు చురుక్కుమంది. ఆ రెక్క ఆకారం కోసం నేను రెండు రాత్రులు లెక్కలు కట్టాను మరి! లెక్క సరిగానే ఉంది, కోత బాగాలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు టెక్కలి చేరేదాకా పట్టింది.

నేను మళ్లీ వెళ్లి బతిమాలితే, డయాలసిస్ లేని రోజు చూసుకుని ఆయన మా గదికి వచ్చాడు. రెక్క కోయడం ఇద్దరి పని. దిమ్మకి రెండు చివరలా రెక్క ఆకారంలో కోసిన చెక్కలు బిగించాలి. మధ్యన బ్యాటరీతో కాగే సన్నటి తీగని ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని చెక్కల అంచు మీదుగా జార్చాలి. చెక్కల మీద అంకెలు వేసుకుంటే ఇద్దరూ ఒకేసారి ఒకే అంకె దగ్గరికి చేరొచ్చు. ఆయన "ఒకటీ... రొండూ..." అని సాగదీస్తుంటే నేను మూడు దగ్గర ఉండేదాన్ని. రెక్క మళ్లీ వంకర. దిమ్మ తర్వాత దిమ్మ పాడైపోతుంటే పిల్లలు నా మొహం చూడ్డానికి భయపడి గోడలు చూస్తున్నారు.

మావ తీగ దించి, "నీకు నాకంటే ముందెల్లిపోవాలనుంది. రెక్కకి అలాగ లేదు" అన్నాడు. పిల్లలు పక్కున నవ్వేశారు.

"టైము లేదు మావా!"

"తీగ కొయ్యదమ్మా, కరిగిత్తాది. కరిగేదానికి కంగారేటి?"

పరువు పోయిందనుకున్నాను గానీ నిజానికి నా రోగం అప్పుడే బయటపడింది. మరుసటి కోత ఆయన లెక్కకి నా చెయ్యి అప్పగించేసి కోశాను. రెక్క అద్దంలా వచ్చింది. టేపు చుట్టి, మోటారు, బ్యాటరీ బిగించాక ఆయన దాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి, "ముక్కు బరువు సాల్లేదు" అని జేబులోంచి వలకి కట్టే సీసపు గుళ్లు రెండు తీసి ముక్కులో దూర్చాడు. నేను ఊరుకుంటానా, ల్యాప్‌టాప్‌లో మళ్లీ లెక్క కట్టాను. ఆయన వేళ్లు ఎక్కడున్నాయో లెక్క కూడా అక్కడే తేలింది. ఆయనకి చూపిస్తే, "బాగుంది. నీ పెట్టె కూడా పనిమంతురాలే" అన్నాడు.

సెలవులకి ముందు శనివారం సాయంత్రం అందరం వాళ్ల పేట ఒడ్డుకి చేరాం. ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. రిమోటు నా చేతిలో, విమానం మావ కుడిచేతిలో. మా ఇద్దరికీ ముప్పై అడుగుల దూరం. నేను మూడు లెక్కపెట్టి 'వెయ్' అనగానే ఆయన గాలికి ఎదురుగా విసరాలి, అదీ ఒప్పందం. మోటారు ఆన్ చేశాను. అంతలో సముద్రం మీంచి గాలి ఒక్క ఊపున లేచింది. మావ నెత్తి మీద రెక్క గిలగిల్లాడింది. నాకు కూలిపోయిన మూడూ కళ్ల ముందు కనిపించాయి.  ఇవాళ వద్దు, ప్రిన్సిపాల్ గారి కాళ్లయినా పట్టుకుని ఇంకో వారం అడుగుదామనుకున్నాను. ఏళ్ల తరబడి క్లాసులో మాట్లాడిన పుస్తకాల తెలుగు ఆ భయంలో ఎటుపోయిందో, మా అమ్మ మాట నోట్లోంచి ఊడిపడింది.

"మావా, ఒగ్గీ!"

మా ఇంట్లో అమ్మ ఎవరినైనా ఏ పనైనా మానెయ్యమనడానికి అనే మాట అది. నేనూ ఆ అర్థంతోనే అరిచాను. చేతిలో ఉన్నదాన్ని వదిలెయ్యమనడానికీ మాకు అదే మాట. మావ ఒక్క అడుగు ముందుకేసి విమానాన్ని గాలిలోకి వదిలేశాడు.

నా బొటనవేళ్లు భయంతో రిమోటు మీంచి లేచిపోయాయి. విమానం జానెడు కిందికి జారింది. సరిగ్గా ఇక్కడే మూడుసార్లూ నేను కంగారుపడి ముక్కు పైకి లాగేశాను, వేగం చచ్చి అది కూలిపోయింది. ఈసారి లాగడానికి వేళ్లు అక్కడ లేవు, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. జారినది జారినట్టే నిలదొక్కుకుని, ఒడ్డునున్న సరుగుడు తోట కంటే ఎత్తుకి లేచింది. పిల్లలు కేకలు పెడుతుంటే గానీ నాకు ఊపిరి రాలేదు. అప్పుడు వేళ్లు మళ్లీ పెట్టి మోటారు ఆపాను. చప్పుడు లేకుండా రెండు చుట్లు తిరిగి ఇసుకలో మెత్తగా దిగింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "బెంచీలకి వేరే చోటు చూస్తాలెండి" అన్నారు.

అందరూ వెళ్లాక ఆగలేక చెప్పేశాను. "మావా, నేను నిన్ను ఎగరెయ్యమనలేదు, మానెయ్యమన్నాను."

"ఒగ్గీ అన్నావు. ఒగ్గీసినాను."

"నా ఒగ్గీ వేరు!"

ఆయన ఇసుక దులుపుకుంటూ పకపకా నవ్వాడు. "రొండు ఒగ్గీలుంటాయేటి మేస్టరమ్మా?"

ఆయనకి నా ఉద్దేశం నిజంగా అర్థం కాలేదో, అర్థమయ్యే వదిలేశాడో ఎన్నిసార్లు అడిగినా అదే నవ్వు. రెండేళ్ల తర్వాత ఒక వానాకాలంలో దానయ్య మావ పోయాడు. ఆ పాక కింద కూర్చుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మా నాన్న తర్వాత నేను అంతలా ఏడ్చింది ఆయన కోసమే.

గది నిలిచింది, పెరిగింది. ఏడాదికి నాలుగైదు గ్లైడర్లు అక్కడ పుట్టేవి. కానీ ప్రతి కోతకీ నేను పక్కనుండాల్సిందే, ప్రతి రెక్కకీ నేను సరేననాల్సిందే. నేను జ్వరంతో సెలవు పెట్టిన వారం పిల్లలు తమంతట తాము ఒక రెక్క కోశారు. వచ్చి చూస్తే నేను కోసినదేదీ దానికి సరితూగదు. మొదట ఉడుకుమోత్తనం వచ్చింది, దాచడమెందుకు! తర్వాత రెండు రోజులు నిద్రపట్టలేదు. మూడో రోజు పొద్దున్న ఆ గది తాళంచెవి తీసుకెళ్లి కొత్తగా చేరిన లెక్చరర్ అమ్మాయి చేతిలో పెట్టాను. మా పలాస వైపే, సుమ్మాదేవి ఊరి పిల్ల. బిత్తరపోయింది.

"ఇంత పోట్లాడి సాధించి, మానేస్తున్నారా మేడమ్?"

"మానెయ్యడం లేదే పిల్లా," అన్నాను. "ఒగ్గీసినాను."