తట్టని చెయ్యి

మాది గుడివాడ. పదకొండేళ్లు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో తలపడ్డాను. హైదరాబాదులో జరిగిన నా ఆఖరి పోటీ అవనిగడ్డ కుర్రాడితో పడింది.

రెండో రౌండులో వెనక నుంచి అతని మెడ చుట్టూ చెయ్యి బిగించాను. ఓటమి ఒప్పుకునేవాడు చేత్తో తట్టాలి. అతను తట్టలేదు. ఉన్నట్టుండి ఒళ్లు వేలాడిపోయింది. అవతలి వైపున్న రిఫరీ గమనించలేదు. నటిస్తున్నాడేమో, వదిలితే గెలుపు చేజారుతుందేమో అని ఒక్క క్షణం తటపటాయించాను. తర్వాత వదిలేశాను.

"సార్, స్పృహ లేదండీ!" అని అరిచాను.

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. కాసేపటికి ఆ కుర్రాడు కళ్లు తెరిచి, "ఎవరు గెలిచారన్నా?" అన్నాడు.

నేను మళ్లీ పోటీకి దిగలేదు. ఇప్పుడు మచిలీపట్నంలో పిల్లలకు నేర్పుతున్నాను. ఎవరైనా గెలిచొస్తే ముందు అడిగేది ఒకటే: "అవతలివాడు ఎలా ఉన్నాడ్రా?"