మామ గానుగకు నేను చేసిన వైద్యం

బాగున్న ఇంజనును ఒక్క పూటలో మంచాన పడేయడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. చేతిలో ఒక వైబ్రేషన్ మీటరు, నెత్తిన డిప్లొమా గర్వం ఉంటే చాలు.

డెబ్బైల చివర్లో తిరుపతిలో మెకానికల్ డిప్లొమా ఆఖరి ఏడు చదువుతున్నాను. అప్పుడే మా ల్యాబులోకి ఆ మీటరు వచ్చింది. తీగ చివరనున్న కడ్డీని తిరిగే యంత్రానికి ఆనిస్తే, అది ఎంత అదురుతోందో ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాటిందంటే లోపల ఏదో పోతున్నట్టే. సారును బతిమాలి దాన్ని రెండు రోజులకు తీసుకుని, సత్యవేడు దగ్గర మా మేనమామ ఊరికి బస్సెక్కాను.

మామ ఆయిల్ ఇంజనుతో చెరుకు గానుగ ఆడిస్తాడు. ఆయన బెల్లం రంగు చూసి చిత్తూరు మండీలో వ్యాపారులు ఎగబడేవాళ్లు. ఆ పొద్దు రెండు బండ్ల చెరుకు కొట్టి తెచ్చారు. కొట్టిన చెరుకు వెంటనే ఆడకపోతే రసం పులుస్తుంది, బెల్లం నల్లబడుతుంది. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

అందరూ సంగటి తింటుంటే నేను ముందుగా ఇంజను దగ్గరికెళ్లాను. కూర్చుందామంటే నేలంతా చెరుకు పిప్పి. ఇంజను మూలన పిప్పిలోంచి ఒక చింతచెక్క కొస కనిపించింది. ఎవరో మరిచిపోయినట్టున్నారని రెండు తన్నులు తన్ని బయటికి లాగాను. దాని మీద దర్జాగా కూర్చుని మీటరు ఒళ్లో పెట్టుకున్నాను.

మామ వచ్చి హ్యాండిలు తిప్పాడు. ఇంజను దడదడలాడింది. కడ్డీ ఆనించానో లేదో, ముల్లు ఎర్రగీత దాటి అవతలి కొసకు కొట్టుకుంది. బాధపడాల్సింది పోయి నాకు పట్టరాని సంతోషం!

"ఆపు మామా! బేరింగు పోయింది!"

"నిన్నటి దాకా బాగనే ఉన్నింది కదప్పా?"

"రోగం లోపల్లోపలే ముదురుతుంది మామా."

మామ ముఖం వాడిపోయింది. "నిజమే, ఇంతగా ఎప్పుడూ అదర్లేదు. మునిరత్నం మేస్త్రీకి కబురు పెడతా. ఒకసారి సూడనీ."

మునిరత్నం ఆ చుట్టుపక్కల ఇంజన్లకు మేస్త్రీ. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి తన చెవికి ఆనించి జబ్బు చెప్పే మనిషి.

"ఈ కాలంలో కూడా చెవులేనా మామా?" అని నవ్వాను.

"సదువుకున్న పిల్లోడు సెప్తా ఉండాడు, ఇనరాదా?" అని అత్త నా పక్షం వచ్చింది. పాపం, ఆవిడ నమ్మకమే నా కొంప ముంచింది.

పది గంటలకల్లా ఇంజను గోనెపట్టల మీద ముక్కలుగా పరుచుకుంది. బేరింగు నున్నగా ఉంది. "ఇది కాదు, రెండోది" అన్నాను. రెండోదీ నున్నగానే ఉంది. పోనీ బిగిద్దామంటే, విప్పినంత సులువుగా అది కుదరలేదు. అవతల చెరుకు వడలిపోతోంది. మామ దాన్ని చూస్తున్నాడు, నన్ను చూడటం లేదు. అది చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి మామే కబురు పంపితే, మూడు గంటలకు మునిరత్నం సైకిల్ దిగాడు. అంతా బిగించి ఇంజను తిప్పాడు. మళ్లీ అదే దడ. పొద్దుటి చోటే కూర్చుని కడ్డీ ఆనిస్తే ముల్లు మళ్లీ ఎగిరింది.

"చూశారా!" అన్నాను, పోయిన ప్రాణం లేచొచ్చి.

మునిరత్నం స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "లోపలంతా బాగుండాది" అని ఇంజను ఆపి, వంగి కింది పిప్పి ఎగదోశాడు. "ఇంజను ఒరిగిపోతా ఉందని ఈ కాలు కింద చెక్క పెట్టింటినే. యాడికి పోయింది?"

అందరూ వెతకసాగారు. నేనూ కూర్చున్నచోటు నుంచే అటూ ఇటూ చూసి, "ఎట్లాంటి చెక్క మేస్త్రీ?" అని అడిగాను.

మునిరత్నం నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు కూర్సోనుండావే, అట్లాంటిదే నాయనా."

చెక్క దాని చోట పడగానే ముల్లు బుద్ధిగా పడుకుంది. బెల్లం మాత్రం తారులా వచ్చింది. దాన్ని మండీకి తోలడానికి మామకు మనసొప్పలేదు. అయినా, "పోనీలే అల్లుడా, ఇంజనుకేం కాలేదు గదా" అని భుజం తట్టాడు. తిట్టినా బాగుండేది.

ఆ ఏడంతా నేనెప్పుడు వెళ్లినా అత్త నల్లటి పాయసం పోసి, "తిను నాయనా, నీ బెల్లమే" అనేది. వంచిన తల ఎత్తకుండా తినేవాణ్ణి.

అప్పుడే ఆ పాయసం గిన్నె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. కూర్చోమని ఎవరెంత బతిమాలినా సరే, నా కిందున్నది అంతకు ముందు దేని కింద ఉండేదో కనుక్కోకుండా ఈ జన్మలో కూర్చోను.