సత్తియ్య తిన్న అప్పం

మా మేనత్త బేబి పదిహేనేళ్ళు మా ఊరందరికీ దేవుణ్ణి వండిపెట్టింది. ఈ మాట అంటే మా అమ్మ నన్ను లెంపలు వేసుకోమంటుంది. నేను వేసుకోను. లెంపలు వేసుకోవలసిన వాళ్ళు వేరే ఉన్నారు.

మాది రాజోలు దగ్గర లంక ఊరు. కతోలికులం డెబ్భై గడప ఉంటాం. పూజలో ఫాదరుగారు పైకెత్తి చూపించి, తర్వాత మా నాలుకల మీద పెట్టే పల్చటి తెల్లటి అప్పాన్ని దివ్యసత్ప్రసాదం అంటాం. అది క్రీస్తు శరీరమని మా నమ్మకం. గుర్తు కాదు, జ్ఞాపకం కాదు, ఆయనే. ఆ అప్పం చేసేది మా అత్త. పొడుగు కాడలున్న రెండు ఇనప బిళ్ళల అచ్చు ఒకటి మఠం సిస్టరుగారు బదిలీ మీద వెళుతూ ఆవిడకి అప్పగించారు. లోపల సిలువ చెక్కి ఉండేది. గోధుమపిండి, నీళ్ళు తప్ప ఇంకేమీ పడకూడదని, ఉప్పు కూడా వెయ్యకూడదని, కలిపిన పిండి కలిపినట్టే కాల్చెయ్యాలని చెప్పారు. ఎందుకో చెప్పలేదు. అత్త అడగలేదు. మా వాళ్ళకి చెయ్యమనడమే గాని చెప్పడం ఎవరికి అవసరం?

అత్త భర్త సత్తియ్య కొబ్బరి దింపు తీసేవాడు. యాభై ఏళ్ళ వయసులో కూడా నడుముకి కత్తి దోపుకుని చెట్టెక్కితే కింద నిలబడ్డ మాకు మెడ నొప్పెట్టేది. ఈస్టరు ముందు వచ్చే ప్రతి పవిత్ర గురువారం ఫాదరుగారు పన్నెండుమంది మగాళ్ళ కాళ్ళు కడుగుతారు కదా, ఆ పన్నెండుమందిలో మావయ్య తప్పకుండా ఉండేవాడు. చెట్టు బెరడు రాసుకుని బండబారిన ఆ పాదాలను ముందురోజే రాయితో తోముకునేవాడు. "ఫాదరుగారు పట్టుకుంటారే బేబీ, గరుగ్గా ఉంటే బాగోదు" అనేవాడు.

తొంభై ఎనిమిదిలో ఆ పన్నెండుమంది కూర్చునే బల్ల మీద ఆయన చోటు ఖాళీ. ఆ చలికాలంలోనే చెట్టుమీంచి పడ్డాడు. పక్కటెముకలు అతుక్కున్నాయి గాని ఊపిరితిత్తుల్లోకి నెమ్ము దిగింది.

గురువారం పూజకు అప్పాలు కాల్చాలని అత్త బుధవారం ఉదయం పిండి కలిపింది. దోసెలపిండి పులవబెట్టే గిన్నెలోనే కలిపింది. ఇంతలో మావయ్యకి ఆయాసం ఎక్కువైంది. రిక్షాలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. ఏప్రిల్ ఎండ. మూత తీస్తే పిండి పొంగి బుడగలు లేచింది.

కోనసీమలో ఏ ఆడదాన్నైనా అడగండి. పొంగిన పిండిని చూస్తే ఆమెకి సంతోషం కలుగుతుంది. పిండి బాగా పులిసింది, అప్పం మెత్తగా వస్తుంది అనుకుంటుంది. మా అత్తా అదే అనుకుంది. గుడి సొమ్ముతో కొన్న పిండి పారబొయ్యడానికి మనసు రాలేదు. ఒక పక్క మొగుడి దగ్గు వింటూ, ఒక పక్క అచ్చు తిప్పుతూ రెండు వందల అప్పాలు కాల్చింది.

మర్నాడు పూజలో నేను హార్మోనియం దగ్గర కూర్చున్నాను. ఫాదరు పెద్ద అప్పాన్ని విరిచినప్పుడు ఎప్పుడూ వినిపించే చిటుక్కుమనే చప్పుడు రాలేదు. అది సాగి చిరిగింది. ఆయన ముఖం చిట్లించాడు, కాని పూజ ఆపలేదు. అందరికీ పంచాడు. తర్వాత మా మావయ్య మంచం దగ్గరికి వచ్చి ఆయనకీ పెట్టాడు. పోయేవాళ్ళకిచ్చే సత్ప్రసాదాన్ని దారిబత్తెం అంటారు. శనివారం పొద్దున్నే మావయ్య పోయాడు.

మంగళవారం ఫాదరు కబురు పెట్టి అడిగితే అత్త ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆయ్, పులిసిందండి. ఆయనకి బాగోలేక చూసుకోలేకపోయేనండి."

ఆ ఆదివారం ఆయన మైకు ముందు నిలబడి ఏమన్నాడో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒక ఆవిడ నిర్లక్ష్యం వల్ల పవిత్ర గురువారం పూజ చెల్లకుండా పోయింది. మీరందరూ తిన్నది రొట్టెముక్క."

అత్త లేచింది. అప్పటికి బొట్టూ గాజులూ తీసి వారం. "మరి మా ఆయనకి పెట్టిందండీ?"

"అదీ అంతే" అన్నాడు.

ఆయన పేరు రాయను. రాస్తే గౌరవం ఇచ్చినట్టుంటుంది. తెలియక అన్నాడో, ఊరిని భయపెడదామని అన్నాడో నాకు తెలియదు. ఏదైనా క్షమించలేను. మొగుణ్ణి మట్టిచేసి ఎనిమిది రోజులు కాని మనిషితో, నీ మొగుడు దేవుడు లేకుండానే పోయాడని, అదీ నీ చేతి వంట వల్లేనని చెప్పాడు. డెబ్భై గడపల జనం నోరు మూసుకుని విన్నారు. నేనూ విన్నాను. అప్పటికి అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను, నోట్లో నాలుక ఉంది, అయినా తలొంచుకుని తర్వాతి పాట శ్రుతి ఎత్తుకున్నాను. ఆ పాట గుర్తొస్తే నా చేతుల మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజునుంచి అత్త సత్ప్రసాదం తీసుకోలేదు. ప్రతి ఆదివారం గుడికి వచ్చేది, చివరి బెంచీలో కూర్చునేది. అందరూ వరసలో వెళుతుంటే కదిలేది కాదు. ఇళ్ళలో ఆడవాళ్ళు ఆవిడ చేతి కూర తినడానికి కూడా ఆలోచించేవారు. పట్నంనుంచి పాకెట్లలో అప్పాలు రావడం మొదలైంది. అచ్చు ఇచ్చెయ్యమని ఉపదేశి అంజిబాబు వస్తే మాత్రం ఇవ్వలేదు. "మా ఆయనకి దేవుణ్ణి లేకుండా చేసిన అచ్చు కదండీ, నా దగ్గరే ఉండనివ్వండి" అంది.

తొమ్మిదేళ్ళు అలా గడిచాయి.

రెండువేల ఏడులో, ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో ప్రసంగాలకని భాస్కరరావు ఫాదరుగారు వచ్చారు. కొత్తపేట వైపు మనిషి, జీవితమంతా ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయంలో బైబిలు పాఠం చెప్పిన ముసలాయన. ఆ సాయంత్రం సత్ప్రసాదం గురించి చెప్పారు.

"ఇది ఎక్కణ్ణించి వచ్చిందనుకుంటున్నారండీ? యూదుల వంటింట్లోంచి వచ్చింది. ఐగుప్తు దేశంలో వాళ్ళు బానిసలు. ఇటుకలు చేసి చేసి చచ్చేవారు. ఆ రాత్రి దేవుడు బయల్దేరమన్నాడు. గొర్రెపిల్ల రక్తం గుమ్మాలకి రాసి, నడుం బిగించి, నిలబడే తిన్నారు. పిండి పులిసేదాకా ఆగే తీరిక ఏదండీ? పులియని పిండి భుజాన వేసుకుని నడిచేరు. అందుకే ఆ రాత్రిని తలుచుకునే పాస్కా పండగనాడు వాళ్ళింట పులిసింది ఉండకూడదు. క్రీస్తు చేతిలోకి తీసుకున్నది అదే రొట్టె. మొదట్లో అది బానిసల దారిబత్తెమండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చిన్న కథ. ఒక పావుగంట. పదిహేనేళ్ళు అప్పం కాల్చిన మనిషికి ఈ పావుగంట కథ ఒక్కడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ బుధవారం, మొగుడు ఎగశ్వాస తీస్తున్నా సరే, ఆవిడ ఆ పిండి పారబోసి మళ్ళీ కలిపేది.

చివరి బెంచీలోంచి అత్త లేచింది. "పులిసిన పిండితో చేస్తే క్రీస్తు రాడాండీ?"

"ఎవరమ్మా అలాగన్నారు? మన ఆచారం తప్పుతుంది, ఫాదరు చూసుకోవాలి. అంతవరకే. తూర్పుదేశాల్లో కతోలికులు కొందరు పులిసిన రొట్టెతోనే పూజ చేస్తారు. గోధుమ అయితే చాలు, ఆయన వస్తాడు."

"తప్పకుండా వస్తాడాండీ?"

"తప్పకుండా వస్తాడమ్మా."

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు నన్ను పిలిచి ఒక్క మాట అడిగింది: "విజయా, ఆ ఫాదరు ఇప్పుడెక్కడున్నాడే?"

ఆ ఫాదరు పెద్ద పదవిలో ఉన్నాడు. మే నెలలో మా గుడి పండగకి ముఖ్య అతిథిగా వచ్చి తనే పూజ చేశాడు. అత్త మావయ్య కొన్న బండారులంక చీర కట్టుకుని, తొమ్మిదేళ్ళ తర్వాత సత్ప్రసాదం వరసలో నిలబడింది. గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ వంతు వచ్చింది.

ఆయన అప్పం పైకెత్తాడు. "క్రీస్తు శరీరం."

ఆమెన్ అనాలి. అత్త అనలేదు.

"మరి మా ఆయన తిన్నదేంటండి?"

ఆయన గుర్తుపట్టాడు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. "తర్వాత మాట్లాడుకుందామమ్మా."

"తొమ్మిదేళ్ళ తర్వాతే వచ్చేనండి."

అంజిబాబు వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. అత్త విదిలించింది. "భాస్కరరావు ఫాదరుగారు నాకు చెప్పేరండి. నాకు తెలిస్తే సరిపోదు. మా ఆయన నోట్లో పెట్టింది మీరు, రొట్టెముక్కన్నదీ మీరు. మీరే చెప్పాలి. ఆ రోజు మైకులో చెప్పేరు."

అప్పుడు నేను హార్మోనియం మీదనుంచి చేతులు తీశాను. పాట మధ్యలో ఆగింది. నా ముందున్న మైకు పీకి, తీగ ఈడ్చుకుంటూ వెళ్ళి ఆయన నోటి ముందు పెట్టాను.



"ఆ రోజు..." అన్నాడాయన. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఈవిడ భర్త..." ఆగాడు. పేరు తెలియదు. ఏటేటా కాళ్ళు కడిగించుకున్న మనిషి పేరు మా గుళ్ళో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

"సత్తియ్యండి" అంది అత్త.

"సత్తియ్యగారు స్వీకరించింది క్రీస్తు శరీరమే."

"ఆమెన్" అంది అత్త. అది మైకులో గుడంతా వినపడింది. కాని అక్కణ్ణుంచి కదలలేదు.

"అది ఆయనదండి. ఇప్పుడు నాకు చెప్పండి."

ఆయన మళ్ళీ మొదటినుంచి అప్పం పైకెత్తి, క్రీస్తు శరీరం అన్నాడు. అత్త నోరు తెరిచింది.